చక్కెర గిన్నె మీది రాత

2025 మే నెలలో సి.బి.ఎస్.ఇ. తన అనుబంధ పాఠశాలలన్నింటికీ ఒక ఉత్తరువు పంపింది. ప్రతి బడిలోనూ 'షుగర్ బోర్డు' ఒకటి పెట్టాలన్నది దాని సారాంశం. పిల్లలు మామూలుగా తాగే పానీయాలలో, తినే చిరుతిళ్ళలో చక్కెర ఎంత ఉంటుంది, రోజుకు ఎంత మించకూడదు, మించితే ఏమవుతుంది అన్న సంగతులు ఆ బోర్డు మీద ఉండాలి. 4 నుంచి 10 ఏళ్ళ పిల్లలు రోజూ పొందే కేలరీలలో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ళ వారిలో 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయనీ, అది 5 శాతం దాటకూడదనీ ఆ ఉత్తరువులోనే ఉంది.

ఈ వార్త చదివిన మిత్రులు కొందరు "ఇదేదో కొత్త విడ్డూరం" అన్నారు. మరి కొందరు "ఇన్నాళ్ళకు మంచి పని చేశారు" అన్నారు. ఇందులో కొత్తదనం లేదన్నది నా అభిప్రాయం. పిల్లల చేతిలోని గ్లాసు వంక వేలు చూపించి, "అందులో తియ్యగా ఉన్నదేమిటో నీకు తెలుసా?" అని పెద్దలు అడగడం మొదలుపెట్టి 230 ఏళ్ళు దాటింది. అప్పటి ప్రశ్న వేరు, ఇప్పటి ప్రశ్న వేరు. అయినా ఈ రెండు ప్రశ్నలనూ కలిపే దారం ఒకటుంది. ఆ దారం మన గోదావరి జిల్లా చెరకు తోటల గుండా కూడా పోయింది. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలనే ఈ టపా.

*

చెరకు పుట్టిల్లు న్యూగినీ అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. చెరకు రసాన్ని కాచి, గడ్డకట్టించి, పలుకులుగా మార్చే విద్య మాత్రం మన దేశానిది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని చెరకు సంతానాన్నంతా వరుసగా పేర్కొన్నారు. ఆ శర్కరే పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, చివరకు ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండం వెళ్ళి క్యాండీ అయింది. మనవాళ్ళ నోట చక్కెరగా మిగిలినదీ ఆ శర్కరే. అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్, తేనెటీగల సాయం లేకుండానే తేనెనిచ్చే రెల్లుగడలు హిందూదేశంలో ఉన్నాయని రాశాడు. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తైజుంగ్, చక్కెర చేసే విద్య నేర్చుకు రమ్మని మగధకు దూతలను పంపాడు.

తీపిని నీళ్ళలో కలుపుకుని తాగడం మనకు కొత్త కాదు. శ్రీరామనవమి పానకం ఉండనే ఉంది. కాని చక్కెరకూ పానీయానికీ ప్రపంచాన్ని తలకిందులు చేసిన పెళ్ళి జరిగింది ఇంగ్లండులో. 17వ శతాబ్ది మధ్యకాలంలో చైనా నుంచి తేయాకు, అరేబియా నుంచి కాఫీ, అమెరికా ఖండం నుంచి చాక్లెట్టు, ఇంచుమించు ఒకేసారి ఆ దేశంలో అడుగుపెట్టాయి. మూడూ చేదు. చైనావాడు తన తేనీటిలో చక్కెర వేసుకునేవాడు కాడు. ఇంగ్లీషువాడు వేసుకున్నాడు. సిడ్నీ మింట్జ్ అనే మానవశాస్త్రవేత్త 1985లో వెలువరించిన తన గ్రంథంలో చూపిన లెక్క ప్రకారం, 1700 ప్రాంతంలో ఇంగ్లండులో తలకు సాలుకు సుమారు 4 పౌన్ల చక్కెర ఖర్చయ్యేది. 1800 నాటికి అది 18 పౌన్లకు చేరింది. అంటే 2 కిలోలకు లోపున్నది నూరేళ్ళలో 8 కిలోలు దాటింది. మొదట ప్రభువుల భోగంగా ఉన్న తీపి తేనీరు, క్రమంగా కూలివాడి పొద్దుటి ఆహారంలో భాగమయింది. వేడివేడిగా, తియ్యగా ఒక కప్పు కడుపులో పడితే అన్నం లేని లోటు కాసేపు తెలియదు. పెద్దలతోబాటు పిల్లలకూ అదే అలవాటయింది.

ఆ తీపి ఎక్కడినుంచి వచ్చింది? బార్బడోస్, జమైకా వంటి కరిబియన్ దీవులనుంచి. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో తెచ్చిన మనుషుల చేత ఆ దీవుల్లో చెరకు నాటించారు, నరికించారు, గానుగాడించారు, కాయించారు. లండను ఇంటి బల్ల మీది కప్పులో ఆ మనుషుల జాడ ఏ కోశానా కనపడదు. తెల్లని చక్కెర మీద ఎవరి వేలిముద్రా ఉండదు కదా.

*

1791 ఏప్రిల్‌లో, బానిస వ్యాపారాన్ని నిషేధించాలని విల్బర్‌ఫోర్స్ తెచ్చిన ప్రతిపాదనను బ్రిటిష్ పార్లమెంటు తోసిపుచ్చింది. ఓటు హక్కు లేని సామాన్య జనం, ముఖ్యంగా స్త్రీలు, ఇక చేయగలిగిందేమిటి అన్న ప్రశ్నకు అదే ఏడు విలియమ్ ఫాక్స్ అనే ఆయన ఒక చిన్న కరపత్రంలో జవాబు చెప్పాడు. వెస్టిండీస్ చక్కెరను, రమ్మును మానేయమన్నాడు. అంతటితో ఊరుకోక ఒక లెక్క కూడా వేశాడు. వారానికి 5 పౌన్ల చక్కెర, దానికి తగినంత రమ్ము వాడే కుటుంబం 21 నెలలపాటు వాటిని మానేస్తే, ఒక మనిషి బానిసత్వాన్ని గాని హత్యను గాని ఆపినట్టే అన్నాడు.

ఈ లెక్క ఎంతవరకు సరైనదన్నది వేరే చర్చ. నన్ను ఆకట్టుకున్నది దాని పద్ధతి. సముద్రానికి ఆవల జరిగే ఘోరాన్ని ఆయన చెంచాల్లోకి, వారాల్లోకి, నెలల్లోకి దింపాడు. ఇంటి ఇల్లాలికి, బల్ల ముందు కూర్చున్న పిల్లవాడికి సైతం అర్థమయ్యే కొలత అది. ఆ తరువాత దేశమంతా తిరిగి చూసిన థామస్ క్లార్క్‌సన్, సుమారు 3 లక్షల మంది చక్కెర మానేసి ఉంటారని అంచనా వేశాడు.

ఆ ఇళ్ళల్లో పిల్లల పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఒక వ్యంగ్య చిత్రం సాయపడుతుంది. 1792 మార్చిలో జేమ్స్ గిల్రే అనే చిత్రకారుడు దాన్ని ప్రకటించాడు. మూడో జార్జి రాజు, షార్లెట్ రాణి, వారి కూతుళ్ళు తేనీటి బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. రాజుగారు చక్కెర లేని తేనీటిని ఆహా అంటూ జుర్రుకుంటున్నారు. తాగి చూడండమ్మా ఎంత బాగుందో, పాపం ఆ నల్లవాళ్ళకు ఎంత పని తప్పుతుందో, అంతకు మించి మీ నాన్నగారికి ఎంత ఖర్చు కలిసొస్తుందో అని రాణిగారు బుజ్జగిస్తున్నారు. రాకుమార్తెలు మాత్రం మూతులు ముడుచుకుని, కప్పు ముట్టకుండా కూర్చున్నారు.

గిల్రే వెక్కిరించింది రాజదంపతుల పిసినారితనాన్నే అయినా, ఆ ముడుచుకున్న మూతులలో ఒక నిజం ఉంది. పెద్దవాళ్ళు తమ కారణాలతో తీపి తీసేసి, పిల్లలను మెచ్చుకోమంటే వాళ్ళు మెచ్చుకోరు. నీతి ఎంత గొప్పదైనా నాలుకను అది ఒప్పించలేదు. అడిగేవాడి నిజాయితీ మీద సందేహం కలిగితే పిల్లలు అసలే ఒప్పుకోరు.

*

ఇక్కడే మన జిల్లా కథలోకి వస్తుంది. వెస్టిండీస్ చక్కెర వద్దంటే, మరి ఏ చక్కెర? ఈస్టిండియా చక్కెర అన్న జవాబు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియమ్ రాక్స్‌బర్గ్, రాజమండ్రి సర్కారులో హిందువులు చెరకు పండించే విధానం గురించి, చక్కెర, బెల్లం తయారుచేసే పద్ధతి గురించి వివరంగా ఒక వ్యాసం రాశాడు. డాల్రింపుల్ ప్రచురించిన 'ఓరియంటల్ రిపర్టరీ'లో అది అచ్చయింది. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల రైతులు, ఏలేరు నీళ్ళు అందులో కనిపిస్తాయి. తరువాత ఈయనే కలకత్తా వెళ్ళి అక్కడి వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. పెద్దాపురం ప్రాంతపు రైతు, తన పొలంలోని చెరకు గురించి లండనులో ఇంత ఆరా ఎందుకో తెలియకుండానే ఆ ఏడు కూడా గానుగ ఆడించుకుని ఉంటాడు.

1820ల్లో ఈ ఉద్యమం మరోసారి రాజుకుంది. లెస్టరు పట్టణానికి చెందిన ఎలిజబెత్ హేరిక్, బానిసత్వాన్ని మెల్లమెల్లగా కాదు, తక్షణమే రద్దు చేయాలంటూ 1824లో కరపత్రం ప్రచురించింది. చక్కెర మానండంటూ తోటి స్త్రీలతో ఇల్లిల్లూ తిరిగింది. ఆ కాలంలోనే ఒక విచిత్రమైన వస్తువు ఇళ్ళల్లోకి వచ్చింది. అది చక్కెర గిన్నె. దాని మీద ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు అన్న అర్థం వచ్చే అక్షరాలు ఉండేవి. 6 కుటుంబాలు వెస్టిండీస్ చక్కెర బదులు ఈస్టిండియా చక్కెర వాడితే ఒక బానిస అవసరం తగ్గుతుందన్న లెక్క కూడా కొన్నింటి మీద ఉండేది. ఇప్పటికీ కొన్ని గిన్నెలు ఇంగ్లండు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి.

ఈ గిన్నె దగ్గర కాసేపు ఆగమని పాఠకులను కోరుతున్నాను. కరపత్రం చదివి పక్కన పడేస్తాం. ప్రసంగం విని మరిచిపోతాం. గిన్నె అలా కాదు. పూటపూటా బల్ల మీదకు వస్తుంది. చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడు ఎదురుగా ఉన్న అక్షరాలను కూడబలుక్కుని చదువుతాడు. "అమ్మా, బానిస అంటే ఏమిటి?" అని అడుగుతాడు. ఎవరూ పాఠం మొదలుపెట్టనక్కర లేకుండా పాఠం మొదలవుతుంది.

1826లో ఏకంగా పిల్లల కోసమే ఒక పుస్తకం వచ్చింది. అమీలియా ఓపీ అనే రచయిత్రి రాసిన ఆ పుస్తకం పేరు 'నల్లవాడి విలాపం, లేక చక్కెర తయారుచేసే విధానం'. రంగుల బొమ్మలతో, పద్యరూపంలో లండనులో వెలువడింది. ఆఫ్రికా మనిషే తన కథ తాను చెప్పుకుంటాడు. తనను పట్టి ఓడ ఎక్కించడం మొదలుకొని నేల తవ్వడం, చెరకు నాటడం, కోయడం, గానుగాడించడం, కాయడం, పీపాలకెత్తడం దాకా ఒక్కొక్క పనినీ వరుసగా చూపిస్తాడు. పేరులోని రెండో సగం చూడండి. అది ఒక పాఠ్యపుస్తకం పేరులా ఉంది. ఒక వస్తువు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలన్న సహజమైన కుతూహలాన్ని ఆసరా చేసుకుని, ఆమె పిల్లలను ఆ కప్పు అడుగుదాకా తీసుకుపోయింది. భయపెట్టలేదు, పాపం తగులుతుందనలేదు. చక్కెర ఇలా తయారవుతుంది, ఇదిగో ఈ మనిషి తయారుచేస్తున్నాడు అంది. బాలబోధ మీద ఆసక్తి ఉన్నవారికి ఆమె నేర్పవలసినది ఇప్పటికీ చాలా ఉంది.

*

బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చి, 1834 ఆగస్టు 1న అమలయింది. యజమానులకు 2 కోట్ల పౌన్ల పరిహారం ముట్టింది. బానిసలుగా బతికినవారికి చిల్లిగవ్వ ముట్టలేదు. కథ ఇక్కడ కంచికి చేరిందని చాలా పుస్తకాలు చెబుతాయి. మనం అలా అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ తరువాతి అధ్యాయంలో ఉన్నది మన తాతముత్తాతలే.

1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ భారతీయ కూలీలతో మారిషస్ చేరింది. ఒప్పంద కూలీల శకం అలా మొదలయింది. ఆ తరువాతి సంవత్సరాల్లో కోస్తా తెలుగు జిల్లాలనుంచి మనవాళ్ళు కూడా ఆ దీవికి వెళ్ళారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ దర్బను రేవుకు చేరింది. నటాల్ చెరకు తోటలకు వెళ్ళినవారిలో తమిళులతోబాటు తెలుగువారూ ఎందరో ఉన్నారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి కూడా మనవాళ్ళను తీసుకుపోయారు. సంతకం చేతకాక వేలిముద్ర వేసిన కాగితం మీద కాలపరిమితి అయిదేళ్ళని ఉంటుంది. వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రానేలేదు. మారిషస్‌లో ఈనాటికీ ఉగాదికి సెలవు ఉందంటే, ఆ సెలవు వెనక చెరకు కోత కత్తి ఉంది.

చక్కెర గిన్నె మీది రాత ఈ సంగతి చెప్పలేదు. ఆ మాటకొస్తే అది తొలినాళ్ళలోనూ పూర్తి నిజం చెప్పలేదు. 1820ల్లో ఈస్టిండియా చక్కెరను ప్రచారం చేసినవారిలో ముందు వరసలో ఉన్న లివర్‌పూల్ వాసి జేమ్స్ క్రాపర్, ధర్మచింతన గలవాడే. అయినా ఆయన ఈస్టిండియా సరుకుల వర్తకుడు కూడా. హిందూదేశంలో బానిసత్వమే లేదన్నట్టు ఆ గిన్నె మాట్లాడింది. ఇక్కడ బానిసత్వానికి చట్టరీత్యా గుర్తింపు తీసివేసింది 1843లో, అయిదో నంబరు చట్టంతో. అందుకే గిన్నె మీద ఏముందో పిల్లలకు చదివించడంతోపాటు, అది రాసినవాడెవడో అడగడం కూడా నేర్పాలని నాకనిపిస్తుంది.

*

ఆ తరువాత కథ మరో మలుపు తిరిగింది. బల్ల మీదనుంచి చక్కెర గిన్నె మాయమయింది.

మన తరంలో చాలామందికి గోలీ సోడా గుర్తుండే ఉంటుంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో పేటెంటు పొందిన సీసా అది. గోలీని బొటనవేలితో లోపలికి నొక్కితే కీచుమనే శబ్దం, పైకి పొంగే నురగ. ఉత్త సోడాలో చక్కెర లేదు. నిమ్మకాయ పిండి, ఉప్పో పంచదారో మన కళ్ళముందే వేసి ఇచ్చేవాడు బండివాడు. ఎంత వేయాలో మనం చెప్పవచ్చు. రంగు సోడాలు, ఆ వెనక మూత బిగించిన కూల్ డ్రింకులు వచ్చాక ఆ చెంచా కర్మాగారంలోకి వెళ్ళిపోయింది.

ఇది చిన్న మార్పు కాదు. 1792లో ఇంగ్లీషు పిల్లవాడు చక్కెర వద్దనుకుంటే గిన్నె మూత తీయకపోతే చాలు. తేనీరు వేరు, చక్కెర వేరు. సీసాలోని పానీయంలో ఆ రెండూ విడదీయరానివి. ఎంత కలిపారో కంటికి కనపడదు, నాలుకకూ సరిగా తెలియదు. చల్లదనం తీపిని అణచివేస్తుంది, పులుపు కప్పివేస్తుంది. అమెరికాలో అమ్మే 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. టీ చెంచాకు 4 గ్రాముల చొప్పున దాదాపు 10 చెంచాలు. కలిపి తాగే చక్కెర, తేనె, పండ్ల రసాలలోని చక్కెర, అన్నీ కలిసి రోజుకు తీసుకునే శక్తిలో 10 శాతం దాటరాదని, 5 శాతానికి లోబడితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 5 శాతమంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములు, అంటే 6 చెంచాలు. డబ్బా ఒక్కటి తాగితే ఆ హద్దు దాటిపోతుంది.

కిందటి వేసవిలో మా అక్క పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఈ లెక్కను మాటలతో చెప్పకుండా చేయించి చూశాను. పెద్దది పదకొండేళ్ళది, చిన్నవాడు ఎనిమిదేళ్ళవాడు. సీసా మీద 100 మిల్లీలీటర్లకు 10.6 గ్రాములని ఉంది. మూడు వందలకెంత అని అడిగితే 32 దాకా అని పెద్దది గుణించి చెప్పింది. అంటే 8 చెంచాలు. గ్లాసుడు నిమ్మనీళ్ళు కలిపి, మీకు సరిపోయినంత పంచదార మీరే వేసుకోండర్రా అన్నాను. మూడో చెంచాకు చిన్నవాడు చాలన్నాడు. సీసాలో ఉన్నంత కావాలంటే ఇంకా 5 వేయాలి. నేను వేస్తూ ఉంటే, "మామయ్యా, పాకం పడుతున్నావా ఏమిటి?" అని నవ్వాడు. రుచి చూసి మొహం వికారంగా పెట్టాడు. సీసాలోది ఇంత తియ్యగా అనిపించదేం అని అడిగింది పెద్దది. అసలు పాఠం అక్కడ మొదలయింది.

తరువాత ఆ పిల్ల వేసిన ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. "మరి శ్రీరామనవమి పానకం మాటేమిటి మామయ్యా? అందులో బెల్లం ఉంటుందిగా?" బెల్లమైనా శరీరం లెక్కలో చక్కెరేనని ఒప్పుకున్నాను. మనది కాబట్టి మంచిదనడం గిల్రే బొమ్మలో రాణిగారి మాటలాంటిదే అవుతుంది. అయితే పానకానికో రోజుంది, చిన్న గ్లాసు ఉంది. బెల్లం ఎంత కొట్టి వేశారో, మిరియాలు, ఏలకులు ఎన్ని పడ్డాయో వంటింట్లో అందరికీ తెలుసు. రోజూ బడి సంచిలో ఉండే సీసాకు ఆ రోజూ లేదు, ఆ వంటిల్లూ లేదు.

*

మరి ఇలా చెబితే పిల్లలు మారతారా? దీనికి చరిత్రలో ఒక చక్కని పరీక్ష ఉంది. ఇంగ్లండులో క్రైస్ట్‌చర్చ్ అనే ఊరిలోని 6 ప్రాథమిక పాఠశాలల్లో, 7 నుంచి 11 ఏళ్ళ లోపు పిల్లలు 644 మందితో పరిశోధకులు ఒక ప్రయత్నం చేశారు. కొన్ని తరగతుల పిల్లలకు విద్యాసంవత్సరంలో విడతకొక గంట చొప్పున కూల్ డ్రింకుల గురించి చెప్పారు. పన్నును అలాంటి పానీయంలో నానబెట్టి ఏమవుతుందో చూపించారు. పిల్లల చేత పాటలు కట్టించారు. మిగతా తరగతులకు ఇవేవీ లేవు. ఫలితాలు 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. ఏడాది గడిచేసరికి పాఠం విన్న తరగతుల్లో అధిక బరువున్న పిల్లల శాతం 0.2 తగ్గింది. వినని తరగతుల్లో 7.5 పెరిగింది. ఆ కొద్దిపాటి బోధకు అది పెద్ద ఫలితమే.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. పాఠాలు ఆపేసిన రెండేళ్ళ తరువాత మళ్ళీ చూశారు. 2007లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, రెండు వర్గాల మధ్య తేడా నిలవలేదు.

నా దృష్టిలో ఇది ఆ పిల్లల లోపం కాదు, పాఠం లోపమూ కాదు. పాఠం తరగతిగదిలో ఉండిపోయింది, సీసా మాత్రం వీధి మొగలో, సినిమా హాలులో, పుట్టినరోజు పండుగల్లో, అన్నిచోట్లా ఉంది. 2018 ఏప్రిల్‌లో అదే దేశం వేరే దారి పట్టింది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు దాటిన పానీయానికి లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములు ఆపైన ఉంటే 24 పెన్నీలు పన్ను విధించింది. పన్ను తప్పించుకోవడానికి చాలామంది తయారీదారులు తమ పానీయాల్లో చక్కెరను తగ్గించేశారు. ఇక్కడ పాఠం చెప్పింది పిల్లవాడికి కాదు, కర్మాగారంలో చెంచా పట్టుకున్నవాడికి.

హైదరాబాదులో జరిగిన కథ మరీ దగ్గరిది. విరోచనాలతో నీరసించిన పిల్లలకిచ్చే ఓ.ఆర్.ఎస్.కు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పాళ్ళున్నాయి. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఆపైన తగిన లవణాలు. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు అదే పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడయ్యేవి. విరోచనాలప్పుడు అధిక చక్కెర పేగుల్లోకి మరింత నీటిని లాగుతుంది, జబ్బు ముదురుతుంది. ఈ పేరు మీద డాక్టర్ శివరంజని సంతోష్ అనే పిల్లల వైద్యురాలు దాదాపు 8 సంవత్సరాలు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ పాళ్ళకు సరిపడని పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని ఆదేశించింది. ఎంచుకున్నది తల్లే కావచ్చు. కాని డబ్బా మీది రాతే అబద్ధమైతే ఆ ఎంపికకు అర్థమేముంది?

*

ఇంత కథ చెప్పుకున్నాక నాకు తోచినది ఇది. పిల్లలకు చక్కెర గురించి చెప్పడం అవసరం. అయితే భారమంతా వాళ్ళ మీద మోపి, "నువ్వే ఎంచుకున్నావు కదా" అనడం అన్యాయం. ఎంచుకోవడమంటే వద్దనగలిగే వీలుండాలి. ఆ వీలును తేనీటి బల్ల మీది గిన్నె ఇచ్చింది. మూతబిగించిన సీసా తీసేసుకుంది. షుగర్ బోర్డు దాన్ని కొంతవరకు తిరిగి ఇవ్వగలదు, ఒక షరతు మీద. బోర్డు వరండాలో ఉండి, పక్కనే క్యాంటీనులో ఆ పానీయాలే వరుసగా కొలువుదీరి ఉంటే, మన పిల్లలు కూడా గిల్రే రాకుమార్తెల్లా మూతి ముడుస్తారు. ముడవాలి కూడా.

ఇంకొక మాట. ఇప్పటి బోర్డు ఎంత అని మాత్రమే అడుగుతుంది. ఓపీ పుస్తకం ఎవరు అని అడిగింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్ళే కూలీ స్త్రీలు పని పోకుండా ఉండటానికి గర్భసంచులు తీయించుకుంటున్నారన్న వార్తలు 2019లో వచ్చాయి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని కూడా వేసింది. మనవాళ్ళు వేలిముద్ర వేసి ఓడలెక్కిన కాలం ఎప్పుడో గడిచిపోయింది. చెరకు కోత మాత్రం ఈనాటికీ పేదవాడి ఒంటి మీదనుంచే సాగుతోంది. చెంచాల లెక్క నేర్చిన పిల్లకు ఈ రెండో ప్రశ్న కూడా అందితేనే పాఠం పూర్తవుతుంది. ఒకటి తన ఒంటికి సంబంధించినది, రెండోది పరుల ఒంటికి సంబంధించినది.

మీ ఇంట్లో చక్కెర డబ్బా మీద పిల్లల చేత ఏమైనా రాయించాలంటే ఏం రాయిస్తారు? మా అక్క కూతురిని అడిగాను. కాసేపు ఆలోచించి, ఒక కాగితం ముక్క మీద "ఎన్ని చెంచాలు? ఎవరు వేశారు?" అని రాసి అంటించింది. అది ఇంకా అక్కడే ఉంది.